నర్సరీలో అనకూడని మాట

ముందుగా నా పొగరు సంగతి

తెనాలి పక్కన ఒక హైస్కూల్లో ముప్ఫై రెండేళ్ళు జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఉద్యోగం పోయింది గానీ పాఠం చెప్పే జబ్బు పోలేదు. వినేవాళ్ళు దొరక్క కూరగాయలబ్బాయికి కిరణజన్య సంయోగక్రియ చెప్పబోతే, వాడు మా వీధిలోకి రావడమే మానేశాడు. అలాంటి రోజుల్లో నా పాత విద్యార్థి ఒకడు ఫోన్ చేశాడు. పిల్లల కోసం మాటల పుస్తకం వేస్తున్నాడట, మాటకొక పేజీ. వైరస్ అనే మాట మీద మీరు రాయండి టీచర్ అన్నాడు. ఏనుగు ఎక్కినంత సంబరపడ్డాను.

ఒక్క మధ్యాహ్నంలో రాసేశాను. లాటిన్‌లో ఈ మాటకు విషమని అర్థం. విషమనే కాదు, జిగురు, చెట్ల పసరు, ముక్కు పగిలే కంపు కూడా. మన విషమూ, ఆ వైరసూ ఒక తల్లి పిల్లలేనని భాషా పండితులు అంటారు. ఇంగ్లీషులోకి వచ్చిన కొత్తలో పాము కక్కే విషాన్నీ, పుండు రసినీ అదే పేరుతో పిలిచారు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో, రోగమొచ్చిన పొగాకు ఆకుల రసాన్ని ఎంత సన్నగా వడకట్టినా రోగం ఆగకపోయేసరికి, కంటికి కనపడని ఆ దొంగకి ఈ పాత పేరు తగిలించారు. తర్వాత అది కంప్యూటర్లకి పట్టింది. ఇప్పుడేమో పెళ్ళికూతురు డాన్సు చేస్తే వైరల్. విషంగా పుట్టిన మాట చివరికి పొగడ్తయి కూర్చుంది.

ఈ పేజీని సామ్రాజ్యం వదినకి చదివి వినిపించాను. ఆవిడ మా ఆయనకి అక్క, నాకు తప్పని ఆడపడుచు. అంతా విని ఆవలించింది. "ఇందులో అంతా దొరల గోలే గదే భారతీ. మనోళ్ళు ఆ మాటని ఏమనుకుంటున్నారో ఎక్కడుంది?" అంది.

కడుపు మండింది గానీ ఆవిడ అన్నది సబబే. ఆ మాట మన దగ్గర రోజూ వినపడేది ఆస్పత్రిలో కాదు, మిరప చేలో. సరే, ఆ చేలున్న చోటికే వెళ్ళి కనుక్కుందామని సెప్టెంబరు చివర్లో బయలుదేరాను. వదిన కూడా సంచీ సర్దుకుంది. ఆవిడకి వైరస్ మీద ఏ ఆసక్తీ లేదు, ఆడవాళ్ళకి బస్సు ఉచితమని వచ్చింది. కండక్టరు ఇచ్చిన సున్నా టికెట్టును రెండు మడతలు పెట్టి పర్సులో దాచుకుంది. ప్రభుత్వం తనకి ఊరికే ఇచ్చిన మొదటి కాగితమట.

వినుకొండ: లీటరా, అరలీటరా?

గుంటూరులో ఎక్కిన మిరపఘాటుకి నరసరావుపేట దాకా తుమ్ముతూనే ఉన్నాం. వినుకొండలో దిగేసరికి మధ్యాహ్నం రెండైంది. బస్టాండు దగ్గర బండి మీద పునుగులు వేస్తున్నారు, ప్లేటు ముప్ఫై. తెనాలిలో అదే డబ్బుకి పదొస్తే ఇక్కడ పన్నెండొచ్చాయి. వదిన ప్లేటు చేత్తో పట్టుకుని, పచ్చిమిరపకాయ పచ్చడిలో ముంచుకు తింటూ నా వెనకే పురుగుమందుల కొట్లోకి నడిచింది.

కొట్టాయన కాగితాలేవో చూసుకుంటున్నాడు. నా పుస్తకం తెరిచి, "ఏవండీ, వైరస్ అంటే..." అని ఇంకా పూర్తి చెయ్యలేదు, ఆయన తలెత్తకుండానే "లీటరా, అరలీటరా?" అన్నాడు.

ఆయన ఫ్రిజ్ తీసి ఒక సీసా బల్ల మీద పెట్టాడు. నిజంగానే వైరస్. పత్తిలో, కందిలో కాయ తొలిచే శనగపచ్చ పురుగుకి జబ్బు చేసి చంపే వైరస్సట. పురుగుకి తప్ప ఇంకెవరికీ ఏమీ కాదట. మనుషులు ముక్కులు మూసుకుని పారిపోయిన మాటని ఇక్కడ రైతు కొనుక్కుని తీసుకుపోతున్నాడు. ఎండలో పెట్టకండి, పాడైపోతుంది అని జాగ్రత్తలు కూడా చెబుతున్నారు.

బెంచీ మీద కూర్చున్న ముసలాయన ఒకాయన, ఈ సీసాలు రాకముందు తామే చేసుకునేవాళ్ళమని చెప్పుకొచ్చాడు. జబ్బు తగిలిన పురుగు కొమ్మ చివరికి పాకి తలకిందులుగా వేలాడుతూ చస్తుంది. అలాంటివి ఓ రెండొందలు ఏరి, రోట్లో నూరి, గుడ్డలో వడకట్టి, కాస్త బెల్లం, కాస్త బట్టల నీలిమందు కలిపి పొద్దు వాలాక చేనుకి కొట్టేవాళ్ళట. నేను గబగబా రాసుకుంటున్నాను. వదిన నమలడం ఆపి, ప్లేట్లోని పచ్చడి వంక చూసింది.

"రోట్లో అంటే, పచ్చడి నూరే రోట్లోనేనా?" అని అడిగింది.

ముసలాయన బుర్ర గోక్కున్నాడు. "చాలామటుకు వేరే రోలేనమ్మా" అన్నాడు.

మిగిలిన ఏడు పునుగులూ నేనే తిన్నాను. ఆ రాత్రి లాడ్జిలో వదిన అరటిపండుతో సరిపెట్టుకుంది. నేను మాత్రం ఇంత జ్ఞానం ఒక్క పూటలో దొరికిందని మురిసిపోతూ పడుకున్నాను. నా పొగరు ఇంకో అడుగు పెరిగింది.

దర్శికి ఇవతల: నా జీవితంలో మంచి పాఠం

రెండో రోజు కురిచేడు మీదుగా దర్శి బస్సెక్కాం. రెండు రోజుల క్రితం వాన పడినట్టుంది, నల్లరేగడి నేల తడిసి నిగనిగలాడుతోంది. పత్తి పూత మీదుంది, మిరప ఇంకా నాటలేదు. మా వైపు కాలవ నీళ్ళు గడప దాకా వస్తాయి కాబట్టి మేము వాన కోసం పైకి చూడం. ఇక్కడ బస్సులో ప్రతివాళ్ళూ కిటికీలోంచి మబ్బునే చూస్తున్నారు. కొత్తవాళ్ళని పలకరించే తీరు కూడా వేరు. తెనాలిలో ముందు ఇంటిపేరు అడిగి తర్వాత కూపీ లాగుతారు. ఇక్కడ పక్కసీటావిడ సూటిగా, మీదెంత సేద్యం అని అడిగింది. వదిన కూడా సూటిగానే, మూడు పూలకుండీలు అని చెప్పింది.

దర్శి ఇంకా కొంత దూరం ఉందనగా బస్సు టైరు పంక్చరైంది. రోడ్డు పక్కనే ఆకుపచ్చ వల కప్పిన పెద్ద పందిరి, దాని కింద నల్లటి ట్రేల్లో జానెడెత్తు మిరప నారు. మంచినీళ్ళ కోసం అందరం అటు నడిచాం. ఆ నర్సరీ మస్తాన్‌బీ అనే ఆవిడది. యాభై దాటి ఉంటాయి. కొంగు తల మీదుగా తీసి నడుముకి దోపుకుని, మాకు నీళ్ళిచ్చి, కుర్చీలేయించింది. నారు కొనడానికి వచ్చిన రైతులు ఆరేడుగురు అక్కడే ఉన్నారు. అందరికంటే ముందు కోటయ్య అనే పెద్దాయన, మూడెకరాలకి సరిపడా నారు కోసం ట్రక్కు ఆటో కూడా తెచ్చుకున్నాడు. నేల పదునుమీదుంది, ఈ వారంలో నాటెయ్యాలని తొందరపడుతున్నారు.

పందిరి మూల విడిగా పెట్టిన నాలుగు ట్రేలు నా కంటబడ్డాయి. ఆకులు ముడుచుకుపోయి ఉన్నాయి. మిరపకి వైరస్ వల్ల వచ్చే ఆకుముడత బొమ్మ పుస్తకంలో చూసి నెల కూడా కాలేదు. ఇంకేం! ఒక మొక్క పీకి పైకెత్తి పట్టుకుని, తరగతిలో ఆఖరి బెంచీకి వినపడే గొంతుతో, "ఇదిగో, దీన్నే వైరస్ అంటారు" అని మొదలుపెట్టాను.

అక్కణ్ణించి లాటిన్‌కి వెళ్ళాను, పొగాకు ఆకుకి వెళ్ళాను, ఇది ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకి ఎలా అంటుకుంటుందో చేతులు తిప్పుతూ చెప్పాను. మస్తాన్‌బీ మధ్యలో ఒక ఆకు తెంపి ఏదో అనబోయింది. నేను చెయ్యెత్తి, "ప్రశ్నలు చివర్లో" అన్నాను. ఒకబ్బాయి ఫోన్లో తీసుకుంటున్నాడు. మంచిదే, నలుగురికీ పనికొస్తుంది అనుకుని కాస్త అటు తిరిగి నిలబడ్డాను. అంత నిశ్శబ్దంగా విన్న తరగతి నా సర్వీసు మొత్తంలో లేదు. పాఠం అయ్యేసరికి కోటయ్య తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకుని, ఖాళీ ఆటోతోనే వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళూ ఒక్కొక్కరే కదిలారు. పాపం పనులున్నట్టున్నాయి అనుకున్నాను.

మస్తాన్‌బీ తెంపిన ఆకుని పక్కన పడేసింది. లోపలికి వెళ్ళి మా ఇద్దరికీ అల్లం వేసిన టీ తెచ్చిచ్చింది. బస్సు బాగయింది, ఎక్కి వెళ్ళిపోయాం.

పొదిలి: చల్లారిన పెసరట్టు

మూడో రోజు పొదిలిలో టిఫిను హోటల్లో పెసరట్టు చెప్పాం. ఓనరు చిన్న వయసువాడే, గల్లా దగ్గర ఫోన్ చూస్తున్నాడు. ఫోన్లోంచి నా గొంతు వినపడింది. మొదట నాకే అర్థం కాలేదు. ఎవరో ఆడమనిషి మరీ అంత అరుస్తుందేమిటి అనుకున్నాను. వదిన నా చీరని, ఫోన్లో ఉన్న చీరని మార్చి మార్చి చూసింది. నేను ప్రయాణానికి రెండే చీరలు తెచ్చుకున్నాను, దురదృష్టం కొద్దీ ఇది నిన్న నర్సరీలో కట్టిందే.

వీడియోకి 'దర్శి దగ్గర నర్సరీలో వైరస్, టీచరమ్మ బయటపెట్టిన నిజం' అని పేరు కూడా పెట్టారు. చుట్టుపక్కల మిరప రైతుల గ్రూపులన్నిట్లో తిరుగుతోందట. వైరల్ అయిందండీ అన్నాడు ఓనరు. అని, నా వంక చూసి ఆగిపోయాడు.

అతనికీ రెండెకరాల మిరప ఉంది. వీడియో ఆపి, రెండు వేళ్ళతో నా చేతిలోని మొక్కని పెద్దది చేసి చూపించాడు. ఆకు అంచులు కిందికి దిగి, బోర్లించిన దోనెలా ఉన్నాయి. దాన్ని కింది ముడత అంటారట. నల్లి అనే కంటికి ఆనని సన్నపురుగు రసం పీల్చడం వల్ల వస్తుంది, మందు కొడితే వారంలో సర్దుకుంటుంది. వైరస్సయితే ఆకు పైకి ముడుచుకుని, చిట్లిపోయినట్టయి, మొక్క గిడసబారిపోతుంది. దానికి మందు లేదు, పీకి పాతెయ్యడమే. ఆవిడ నల్లి పట్టిన నాలుగు ట్రేలని తీసి వేరే పెట్టుకుందంటే మిగతా నారు శుభ్రంగా ఉన్నట్టేనమ్మా అన్నాడు.

"అసలు నర్సరీలో ఆ మాట ఎవరూ అనరండీ" అన్నాడు తర్వాత, మెల్లిగా. "అనుమానముంటే 'ఆకు కాస్త తేడాగా ఉంది' అంటాం. అమ్మవారు పోసిందంటాం గానీ జబ్బు పేరు పలకం గదా, అట్టాగే. ఒకసారి ఆ మాట పడిందంటే ఆ నారు ఊరికే ఇచ్చినా ఎవడూ తీసుకోడు. ఇంకో వారం పోతే ముదిరిపోద్ది. ఆవిడకి ఏడాదంతా తిండి ఆ నారు మీదే."

పెసరట్టు ప్లేట్లోనే చల్లారిపోయింది. వదిన నన్ను బయటికి లాక్కొచ్చి, ఒంగోలు బస్సెక్కి తెనాలి పోదాం పద, మనమెవరో ఎవరికి తెలుసు అంది. నిజం చెప్పొద్దూ, నాకూ ముందు అదే అనిపించింది. చీర మార్చుకుని, ఎవరి కంటా పడకుండా వెళ్ళిపోవాలనిపించింది. కానీ ఆ అల్లం టీ గుర్తొచ్చింది. నేను ఆవిడ కడుపు మీద కొట్టాక ఆవిడ నాకు టీ ఇచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి. దర్శి వెళ్ళే షేర్ ఆటో ఎక్కాను. వదిన తిట్టుకుంటూ నా పక్కనే కూర్చుంది. దానికి సున్నా టికెట్టు లేదు, మనిషికి యాభై.

మళ్ళీ ఆ పందిరి కిందికి

నర్సరీలో ట్రేలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆటోలు లేవు, మనుషులు లేరు. మస్తాన్‌బీ ఒక్కతే గొట్టంతో నీళ్ళు కొడుతోంది. నేను తప్పయిపోయిందమ్మా అని రెండు చేతులూ పట్టుకున్నాను. తిడుతుందేమో, తిడితే బాగుండు అనుకున్నాను. ఆవిడ తిట్టలేదు. నాకు చెబితే ఏం లాభం టీచరమ్మా, నాకు ముందే తెలుసు గదా అంది. కోటయ్య ఇవాళ మాచర్ల వైపు నారు చూడ్డానికి పోతాడని విన్నానని, ఆయన కొంటే మిగతావాళ్ళూ వస్తారని, ఆయన పోతే అంతేనని చెప్పింది.

నర్సరీకి కిలోమీటరు దూరంలో కోటయ్య చేను. గట్టు మీద మోటారుసైకిలు స్టార్టు చేస్తుండగా పట్టుకున్నాం. చేను దున్ని, నిలువునా అడ్డంగా గీతలు పడేలా అచ్చులు తోలి సిద్ధంగా ఉంది. నాట్లకి మాట్లాడిన ఆడకూలీలు పదిమంది, నారు లేక, గట్టు మీద కూర్చుని వక్కాకు వేసుకుంటున్నారు. నేను చెప్పిందంతా కోటయ్య బండి మీద కూర్చునే విన్నాడు.

"మీరు ఆఫీసరా?" అన్నాడు.

కాదన్నాను.

"సేద్యం ఉందా?"

లేదన్నాను. వెనకనుంచి వదిన మూడు కుండీల సంగతి ఎత్తబోతే కాలు తొక్కాను.

"మరి నిన్న ఎందుకు చెప్పారు?"

ముప్ఫై రెండేళ్ళు పిల్లల్ని నేను అడిగిన ప్రశ్న ఇది. తెలియకుండా ఎందుకు చెప్పావురా అని ఎంతమందిని బెంచీ ఎక్కించానో. "చదువుకున్నాను గదా, తెలుసనుకున్నానండీ" అన్నాను.

కోటయ్య బండి ఆపాడు. కూలీల వంక చూశాడు, మబ్బు వంక చూశాడు. "నిన్న ఉందన్నారు, ఇయ్యాల లేదంటున్నారు. ఏది నమ్మాల నేను? మాటతో అయ్యే పని కాదిది. నోటితో అన్నారు గాబట్టి చేత్తోనే వెనక్కి తీసుకోండి. ఆ నారు తెప్పిస్తా, మొదటి సాలు మీరు నాటండి, అందరూ చూస్తుండగా. రేపు తేడా వస్తే ఎవరి చెయ్యని అడగాలో నాకు తెలిసుండాల" అన్నాడు.

మొదటి సాలు

నాకు అరవై మూడేళ్ళు. మోకాళ్ళు రెండూ నావి కావు. నల్లరేగడి తడిస్తే ఎలా ఉంటుందో తెలియనివాళ్ళకి చెబుతున్నాను, అడుగు వేస్తే కాలు రాదు, వస్తే చెప్పు రాదు. మూడో అడుక్కే ఎడమ చెప్పు భూదేవికి సమర్పించాను. ఆరో అడుక్కి కుడిది కూడా పోయింది. కొంగు దోపి, ట్రేలోంచి మట్టిగడ్డతో సహా మొక్క తీసి, అచ్చు గీతలు కలిసిన చోట వేలితో గుంట చేసి పెట్టి, చుట్టూ అదమాలి. అంతే పని. కూలీలు మాట్లాడుకుంటూ రెప్పపాటులో చేసేది. నేను ఒక్కో మొక్కకీ వంగి లేచేసరికి రామకోటి రాసినంత పనయింది. చేను చివర ఎక్కడో కనపడుతోంది.

ఇరవయ్యో మొక్కో, ఇరవై రెండో, లేవబోయి వెనక్కి పడ్డాను. పడ్డమంటే మామూలుగా కాదు, చేలో చతికిలపడి కూర్చున్నాను, లేవలేకపోయాను. కూలీలు ముందు అయ్యో అన్నారు, తర్వాత ఆపుకోలేక నవ్వారు. వదిన అయితే గట్టు మీద కూలబడి కడుపు పట్టుకుని నవ్వింది. నన్ను లేపడానికి నలుగురు కావాల్సొచ్చింది. నా కాళ్ళకి ఉన్న మట్టితో మా ఇంట్లో ఆ మూడు కుండీలూ నిండేవి. నిన్నటి ఫోను అబ్బాయి ఇప్పుడూ తీస్తూనే ఉన్నాడు. ఈసారి నేను అటు తిరిగి నిలబడలేదు. బురదలో కూర్చునే, "నిన్న చెప్పింది తప్పు. అది నల్లి. ఈ నారు మంచిది, నేనే నాటుతున్నాను" అని అరిచాను.

సాలు పూర్తిచేసేసరికి రెండు గంటలు పట్టింది. కోటయ్య గట్టు దిగి, ఆ చివర నుంచి ఈ చివర దాకా నడుస్తూ చూసుకుని, మూడు మొక్కలు సరిగ్గా అదమలేదని తన కాలి బొటనవేలితో తొక్కి సరిచేశాడు. తర్వాత ఆటో డ్రైవరుకి ఫోన్ చేసి మిగతా నారు కూడా ఎత్తుకురమ్మన్నాడు.

రెండో వీడియో మొదటిదానికంటే పదింతలు తిరిగింది. గుంటూరు నుంచి మా అబ్బాయి ఫోన్ చేసి, అమ్మా, నువ్వు బురదలో ఎందుకున్నావు అని అడిగాడు. నా పాత హెడ్‌మాస్టరుగారు నవ్వుతూ దగ్గుతూ ఏదో చెప్పారు, ఒక్క ముక్క అర్థం కాలేదు. పాఠం చెప్పిన టీచరమ్మని జనం భయపడి చూశారు, పడిపోయిన టీచరమ్మని మాత్రం ఇంటిల్లిపాదికీ చూపించుకున్నారు. తెల్లవారేసరికి నర్సరీ ముందు ఆటోలు బారులు తీరాయి. సగం మంది నారు కోసం వచ్చారు, సగం మంది నేను ఇంకా ఉన్నానేమో చూడ్డానికి వచ్చారు. వచ్చినవాళ్ళు ఎలాగూ వచ్చాం గదా అని నారు తీసుకుపోయారు.

ఆఖరి ట్రేలు

ఆ రాత్రి, మర్నాడు కూడా మమ్మల్ని మస్తాన్‌బీ తన ఇంట్లోనే ఉంచుకుంది. జొన్నరొట్టెలు, గోంగూర పెట్టింది. రెండు రోజులుగా ఏ పచ్చడీ ముట్టని వదిన, రోలు ఎలాంటిదో అడగకుండానే మూడుసార్లు వేయించుకుంది. మర్నాడు సాయంత్రం ఆఖరి ఆటోలో ఆఖరి ట్రేలు ఎక్కించి, మస్తాన్‌బీ వచ్చి నా ముందు పీట వేసుకు కూర్చుంది. నా మోకాళ్ళు గుమ్మడికాయల్లా వాచాయి. గుడ్డ వేడిచేసి కాపడం పెడుతోంది. ఆటో మలుపు తిరిగేదాకా దాని వంకే చూసింది.

నిన్న నేను తిరిగొచ్చినప్పుడు నన్ను ఎందుకు తిట్టలేదమ్మా అని అడిగాను. ఆవిడ చెయ్యి ఆగలేదు. కరోనా ఏడాది వాళ్ళాయనకి జబ్బు చేసిందట. ఆస్పత్రికి పోయి, బాగుపడి ఇంటికి వచ్చాడు. కానీ ఆ ఇంట్లో వైరస్ ఉంది, వాళ్ళు తాకిన నారు కొనొద్దని ఎవరో అన్నారు. ఆ మాట ఊరూరా పాకింది. ఆ సంవత్సరం పందిరి నిండా నారు ముదిరి ఎండిపోయింది. మొగుడూ పెళ్ళాలిద్దరూ కలిసి పీకి, గుంట తీసి పూడ్చారట.

"అన్నవాళ్ళు ఎవరో తెలుసా?" అంది వదిన.

"తెలుసమ్మా. ముగ్గురు. రోజూ ఈ రోడ్డు మీదే బస్సులో పోతుంటారు. కిటికీలోంచి చూస్తారు గూడా." మస్తాన్‌బీ గుడ్డ తీసి మడత మార్చింది. "ఇన్నేళ్ళల్లో ఒక్కరూ దిగలేదు టీచరమ్మా. మీరు తిరిగొచ్చి దిగారు."

నాకు ఏడుపు ఆగలేదు. పెద్దగా, చిన్నపిల్లలా ఏడ్చాను. వదిన నా వీపు మీద చెయ్యి వేసింది. మస్తాన్‌బీ ఇంకో గుడ్డ వేడిచేసి రెండో మోకాలి మీద పెట్టింది.